పదిహేడో కార్డు

మార్చి 2, ఆదివారం

నడుము డాక్టరు నోటుబుక్కు పెట్టమన్నాడు. రోజూ ఏ వ్యాయామం ఎన్నిసార్లు చేశానో రాసి నెలాఖరుకి తెచ్చి చూపించాలట. ఆయనకి చూపించే పుస్తకం వేరే పెడతాను. ఇందులో నిజం రాస్తాను.

ఆయన ఇచ్చిన కాగితం మీద ఆరు బొమ్మలున్నాయి. బొమ్మల్లోని మనిషికి కళ్లూ ముక్కూ లేవు. ఒకదాంట్లో వెల్లకిలా పడుకుని కాలెత్తుతాడు, ఇంకోదాంట్లో గోడకి చేతులానించి వంగుతాడు. ఏదైనా సరే పదిసార్లు, మూడు విడతలు. మొహమే లేనివాడికి మొహం మొత్తడం ఏం తెలుస్తుంది. కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించాను.

వెళ్లేముందు డాక్టరు ఇంకో మాటన్నాడు. నొప్పి ఉందని నేను కూర్చోవడం కాదట, కూర్చోబట్టే నొప్పి వచ్చిందట. పొద్దస్తమానం కళ్లద్దాల షాపులో స్టూలు, ఇంటికొస్తే కిటికీ పక్కన కుర్చీ. ఈ కుర్చీ నడుము కోసమనే కొన్నాను. గోధుమరంగు చెక్క, ఎత్తైన వీపు. దీన్ని పట్టుకుని శత్రువంటే ఎలా ఒప్పుకుంటాను. ఇప్పుడు కూడా ఇందులో కూర్చునే రాస్తున్నాను.

మార్చి 3

చేయలేదు.

మార్చి 4

చేయలేదు. షాపులో రద్దీ.

మార్చి 5

షాపులో నిన్న రద్దీ ఏమీ లేదు. ఇవాళా లేదు. చేయలేదు.

మార్చి 7, శుక్రవారం

మా అమ్మాయి పిచ్చుక వాళ్లమ్మ ఫోన్ చేసింది. విడిపోయి రెండేళ్లయినా ఆవిడ గొంతు వినగానే ఇంకా లేచి నిలబడతాను. నడుము పట్టేసినా సరే.

ఏప్రిల్ ఇరవై నుంచి స్కూలు సెలవులు. మొదటి పది రోజులు నా వంతు. కానీ వాళ్ల ఊళ్లో ఈత క్లాసులు కూడా అప్పుడేనట. రెండూ కుదరవు కాబట్టి పిల్లనే అడుగుతానంది. "బలవంతం చేయను. వస్తానంటే పంపిస్తాను. పోయినసారి నీ దగ్గర ఏం చేయాలో తోచలేదంది."

అడిగి చూడు, దాని ఇష్టమే ఇష్టం అని పెద్దమనిషిలా చెప్పి పెట్టేశాను. పిల్లలన్నాక ఈత నేర్చుకోవాలి. మంచిదే. నాకేం బాధ లేదు.

ఏం చేయాలో తోచలేదంది.

మార్చి 8, శనివారం

చెప్పు సోఫా కిందికి పోయింది. వంగలేను కాబట్టి చీపురుకర్రతో లాగాను. చెప్పుతో పాటు ఒక అట్టపెట్టె వచ్చింది. షాపుకి అద్దాలు ప్యాక్ అయి వచ్చే పెట్టె. లోపల పిచ్చుక పోయిన సెలవుల్లో వేసిన కార్డులు, ఒక పాచిక.

ఆ పది రోజులూ కళ్లముందు తిరిగాయి. ఆట అదే కనిపెట్టింది. వీధి తలుపు దగ్గర మొదలుపెట్టి వంటగది గడప చేరాలి. ఒక కార్డు తీయాలి, పాచిక వేయాలి. కార్డు మీద ఏ జంతువుంటే ఆ జంతువులా, పాచిక ఎంత పడితే అన్ని అడుగులు వేయాలి. ఎలుగుబంటి అయితే మోకాళ్లు ఆనకుండా నాలుగు కాళ్ల నడక. పీత అయితే వెల్లకిలా, చేతులూ పాదాలూ ఆన్చి పక్కకి. మోకాలు నేలకి తగిలిందా, మళ్లీ తలుపు దగ్గరికి. "నాన్నా, ఆడతావా?" అని రోజూ అడిగేది. నడుము తల్లీ, నువ్వు ఆడు, నేను చూస్తుంటాను అనేవాణ్ని. అది తన వంతూ నా వంతూ రెండూ తనే ఆడుకునేది. నా వంతుకి నాలా బొంగురు గొంతు పెట్టేది. ఐదో రోజు నుంచి అడగడం మానేసింది. హమ్మయ్య అనుకున్నాను. రాయాలి కాబట్టి రాస్తున్నాను, హమ్మయ్య అనే అనుకున్నాను.

తలుపు గడియ వేసి, కిటికీ తెర లాగి, ఒక కార్డు తీశాను. ఎలుగుబంటి. పాచిక రెండు పడింది. రెండడుగులు వేశాను. లేవడానికి సోఫా పట్టుకోవాల్సి వచ్చింది.

డాక్టరు కాగితం కన్నా ఇది నయం. నడుము కోసమే.

మార్చి 9, ఆదివారం

కప్ప. ఆరు పడింది. నాలుగో గెంతుకి కింద ఫ్లాట్ టీచరమ్మ పైకొచ్చింది. రిటైరై ఐదేళ్లయినా ఆవిడ ముందు నిలబడితే హోంవర్కు చేయనట్టే ఉంటుంది. బీరువా గానీ పడిందా అని అడిగింది. కప్ప అన్నాను. ఆవిడ నా చెమటా, మాసిన మోకాళ్లూ పైనుంచి కిందిదాకా చూసి, కప్పలైతే సాయంత్రం ఐదు నుంచి ఆరు లోపల, ఆ టైములో నడకకి వెళ్తాను అని చెప్పి దిగిపోయింది.

మార్చి 10

పీత. మూడు. నడుము కోసమే.

మార్చి 13, గురువారం

కార్డులు మొత్తం పదిహేడు. పదహారు ఏమిటో తెలిశాయి. ఎలుగు, కప్ప, పీత, కొంగ, కంగారూ, గొంగళిపురుగు, కోతి, ఇలా. గొంగళిపురుగు ప్రాణాంతకం. నిలబడి వంగి చేతులు నేలకి ఆన్చి, వాటితో ముందుకి పాక్కుంటూ పోయి, తర్వాత కాళ్లు దగ్గరికి తెచ్చుకోవాలి. నా చేతులు నేలదాకా పోవు. మోకాళ్ల కిందివరకు పోతాయి, అక్కడ ఆగి నన్ను తిట్టుకుంటాయి.

పదిహేడోది ఏ జంతువో అంతు పట్టడం లేదు. గోధుమరంగు క్రేయాను. కర్రల్లా నిటారుగా నాలుగు కాళ్లు. వెనకాల పెద్ద మూపురం. మీద చిన్న తల, దాంట్లో చక్రాల్లా రెండు నల్లటి కళ్లు. ఒంటెకి అంత కళ్లుండవు. గుడ్లగూబకి నాలుగు కాళ్లుండవు.

పిచ్చుకకి ఫోన్ చేసి అడిగితే ఒక్క నిమిషం పని. అడగను. కూతురు వేసిన బొమ్మ తండ్రికి తెలియలేదంటే ఏం బాగుంటుంది.

మార్చి 15, శనివారం

కార్డు జేబులో పెట్టుకుని షాపుకి పట్టుకెళ్లాను. పవర్ చూసేటప్పుడు అక్షరాల చార్టు చదివించాక, ఇది కూడా చెప్పండి అని కార్డు చూపించాను. బ్యాంకు గుమాస్తా గేదె అన్నాడు. కాలేజీ అమ్మాయి టెడ్డీబేర్ అంది. చత్వారం అద్దాల కోసం వచ్చిన వడ్రంగి కార్డుని ముక్కు దగ్గరికి తెచ్చి, దూరంగా పెట్టి, "కుర్చీ కదండీ. వీపు కాస్త ఎత్తుగా పెట్టారు" అన్నాడు. తల ఉందిగా అన్నాను. ఉంటే ఉండనివ్వండి, కాళ్లు మాత్రం కుర్చీవే అన్నాడు. ఆయనకి లోకమంతా కుర్చీలూ బల్లలూనే అని నవ్వుకుని పవర్ కాస్త పెంచి రాశాను.

సాయంత్రం ఏ పుట్టలో ఏ పాముందోనని గోడకుర్చీ వేశాను. స్కూల్లో లెక్కల మాస్టారు వేయించేవాడు, వీపు గోడకి ఆన్చి, కింద ఏమీ లేకుండా కూర్చోవడం. అప్పుడు పావుగంట ఉండేవాణ్ని. ఇప్పుడు పద్దెనిమిది అంకెలు లెక్కపెట్టేసరికి తొడలు తెల్లజెండా ఎత్తేశాయి.

మార్చి 16, ఆదివారం

ఆదివారం పదింటికి పిచ్చుకతో ఫోను. ఎప్పుడూ ఒకటే. తిన్నావా? ఊఁ. స్కూలెలా ఉంది? బాగుంది. అమ్మేం చేస్తోంది? ఏదో చేస్తోంది. తర్వాత ఇద్దరం ఫోన్లో ఊపిరి వింటూ కూర్చుంటాం.

ఇవాళ నోరు జారి, పొద్దున పీతనయ్యాను అన్నాను. ఫోను ఇంకో చెవికి మార్చుకున్న చప్పుడైంది. తర్వాత అడిగింది.

"ఎంత పడింది?"

"నాలుగు."

"మోకాలు తగిలిందా?"

"పీతకి మోకాలు ఎందుకు తగులుతుంది? నడుము జారి కూలబడ్డాను."

"అదీ ఔటే. మళ్లీ తలుపు దగ్గరికి వెళ్లావా?"

వెళ్లానన్నాను. వెళ్లలేదు. కూలబడ్డ చోటు నుంచే మొదలుపెట్టాను, ఎవరు చూడొచ్చారని.

ఇరవై రెండు నిమిషాలు మాట్లాడింది. కంగారూ గెంతేటప్పుడు చేతులు ఎక్కడ పెట్టాలో చెప్పింది. సెలవుల మాట అదీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మార్చి 22, శనివారం

ఒంటరిగా ఆడితే గెలిచినట్టే ఉండదు. అందుకని ఇద్దరి వంతూ నేనే ఆడుతున్నాను, ఒకసారి నేను, ఒకసారి పిచ్చుక. దాని వంతప్పుడు తేలిగ్గా గెంతాలని చూస్తాను. ఇవాళ పిచ్చుక గెలిచింది. నిన్న కూడా.

పోయినేడాది ఇదే గదిలో అది ఇద్దరి వంతూ ఆడింది. అప్పుడు నేను గదిలోనే ఉన్నాను.

మార్చి 23, ఆదివారం

ఫోను. తను అక్కడ పాచిక వేసి అంకె చెప్పింది, నేనిక్కడ కార్డు తీసి చేశాను. స్పీకరు పెట్టి నేల మీద పెట్టాను. నా ఆయాసం విని నవ్వింది. ఆ నవ్వు సోఫా కిందికి కూడా పోయింది, ఇల్లంతా ఉంది ఇంకా.

పదిహేడో కార్డు వస్తే ఏం చేయాలో తెలియక, దాన్ని ముందే తీసి దిండు కింద పెట్టాను.

మార్చి 31

డాక్టరుకి నోటుబుక్కు చూపించాను. పది, మూడు విడతలు. పది, మూడు విడతలు. నడుము నొక్కి చూసి బాగా మెరుగైంది, కాగితం పని చేసింది అన్నాడు. అవునన్నాను.

ఏప్రిల్ 5, శనివారం

టీచరమ్మ నడకకి వెళ్లలేదు, వాన. ఐదున్నరకి పైకొచ్చి ఇక్కడేం జరుగుతోందో చూస్తానంది. చెప్పాను. ముక్కున వేలేసుకుంటుందనుకుంటే చెప్పులు విప్పి కార్డు తీసింది. కొంగ. ఒంటికాలి మీద ఒక్కో అడుగుకీ ఐదు అంకెలు నిలబడాలి. గోడ పట్టుకోమన్నాను. అక్కర్లేదు, ముప్పై ఏళ్లు క్లాసుల్లో నిలబడే ఉన్నాను అంది. గెలిచింది కూడా.

పోతూ, దిండు కింద నుంచి తీసి చూపిస్తే పదిహేడో కార్డు చూసి, ఏనుగయ్యుంటుంది, తొండం మర్చిపోయింది అంది. పిల్ల వస్తోందా మరి అని అడిగింది. ఇంకా తెలియదన్నాను. వస్తే మాత్రం వంట తగలేయకుండా చూసుకో, ఆటలో పడితే నీకు పొయ్యి గుర్తుండదు అంది. పిల్ల వస్తుందన్నట్టే మాట్లాడింది. ఆవిడ వెళ్లాక చాలాసేపు ఆ మాట పట్టుకునే ఉన్నాను.

ఏప్రిల్ 9

చేతులు నేలకి తగిలాయి. వేళ్ల చివర్లే. అయినా తగిలాయి.

ఏప్రిల్ 11

సెలవులకి పది రోజులు కూడా లేవు. వాళ్లమ్మ ఫోన్ చేయలేదు. నేను చేయను. ఈత మంచిదే.

ఏప్రిల్ 12

వస్తోంది.

ఏప్రిల్ 20, ఆదివారం

స్టేషన్ నుంచి తీసుకొచ్చాను. జానెడు పెరిగింది. ముందు పన్ను ఒకటి పోయింది, ఇంకోటి సగం వచ్చింది. వాళ్లమ్మ బ్యాగులో మాత్రల చీటీ, టైంటేబులు, ఈత బట్టలు కూడా పెట్టింది, ఏమో ఇక్కడేదైనా కొలనుంటుందేమోనని.

సాయంత్రం నేను కుర్చీలో కూర్చుని ఎదురుచూశాను. నాన్నా ఆడతావా అని అడుగుతుంది, ఒక్క ఉదుటున లేచి నుంచోవాలి అని ముందే అనుకున్నాను. ఆరు వారాలుగా అనుకుంటున్నాను. అడగలేదు. పుస్తకం తెచ్చుకుని సోఫాలో మూలకి ఒదిగి కూర్చుంది. మధ్యలో ఒకసారి తలెత్తి, దిండు కావాలా నాన్నా నడుముకి, అని అడిగి తెచ్చి పెట్టింది.

ఫోన్లో ఆడిన నాన్న వేరు, ఈ కుర్చీలో నాన్న వేరు అనుకుంటోందేమో.

ఏప్రిల్ 21, సోమవారం

షాపుకి సెలవు పెట్టాను. టిఫిన్ అయ్యాక పెట్టె తెచ్చి నేల మీద పెట్టి నేనే అడిగాను. "పిచ్చుకా, నాతో ఆడతావా?"

"నీ నడుము?"

"అది కూడా ఆడుతుందట."

నమ్మకం లేనట్టే వచ్చింది. నాకు మొదటి కార్డే గొంగళిపురుగు పడింది, ఐదు. ఐదూ చేశాను. పిచ్చుక నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది, సగం పన్ను కనబడుతూ. ఇంక దాన్ని పట్టలేకపోయాను. కోతిలా సోఫా ఎక్కింది, కప్పలా దూకింది, టీచరమ్మ కిందనుంచి కర్రతో రెండుసార్లు తట్టింది. కంగారూలో నన్ను దాటిపోతూ నా వీపు మీద ఒక్కటిచ్చుకుంది. ఆ దెబ్బ ఇంకా చుర్రుమంటోంది. మంచి దెబ్బ.

వంటగది గడప నాకు మూడడుగుల్లో ఉండగా పదిహేడో కార్డు వచ్చింది. దిండు కింద ఉండాల్సింది పెట్టెలోకి ఎలా వచ్చిందో. పక్క సర్దుతూ పిచ్చుకే పెట్టినట్టుంది. మొహం చెల్లక, తెలిసినట్టే మొదలుపెట్టాను. నాలుగు కాళ్ల మీద నిలబడి, వీపు మూపురంలా పైకి లేపి, కళ్లు గుడ్లగూబలా పెద్దవి చేసి, ఏదో కూత కూడా కూశాను.

"ఏం చేస్తున్నావు?"

"ఈ జంతువుని."

కార్డు చేతిలోకి తీసుకుని చూసింది. "ఇది జంతువు కాదు నాన్నా. నువ్వు."

ఒక్కొక్కటే వేలు పెట్టి చూపించింది. ఇవి కుర్చీ కాళ్లు. ఇది కుర్చీ వీపు. ఇది నీ తల. ఇవి నీ కళ్లద్దాలు. ఇరవై ఏళ్లుగా ఊరందరికీ కళ్లద్దాలు పెడుతున్నాను.

నా కాళ్లేవి అని అడగబోయి మానేశాను. వేయలేదు. తనకి కనబడలేదు కాబట్టి వేయలేదు.

"మరి ఈ కార్డు వస్తే ఏం చేయాలి?"

"ఏం చేయక్కర్లేదు. ఒక వంతు కుర్చీలో కూర్చుని చూడాలి. అవతలివాళ్లు ఇంకోసారి ఆడతారు." వెక్కిరింపేమీ లేదు మాటలో. రూలు చెప్పినట్టే చెప్పింది.

వెళ్లి కుర్చీలో కూర్చున్నాను. రూలు రూలే. పిచ్చుక పాచిక వేసి కొంగలా నాలుగడుగులు వేసింది, ఒక్కో అడుగుకీ ఒంటికాలి మీద ఐదు అంకెలు లెక్కపెడుతూ. ప్రతి అడుగుకీ తల తిప్పి నేను చూస్తున్నానా లేదా అని చూసింది. పోయినేడాది పది రోజులూ ఇలాగే తిరిగి చూసి ఉంటుంది. నేను పేపరు చదువుకుంటూ ఉండి ఉంటాను.

ఇవాళ చూశాను. రెప్ప వేయకుండా చూశాను. అది గెలిచింది.

ఏప్రిల్ 24

ఆడాం.

ఏప్రిల్ 26, శనివారం

టీచరమ్మ కూడా వచ్చింది. ముగ్గురం. పిచ్చుక ఆవిడకి వయసు రాయితీ ఇస్తానంటే ఆవిడకి ముక్కు మీదికి కోపం వచ్చింది. రోజూ ఒకటీ అరా కార్డు వేస్తున్నాం. ఇవాళ్టికి నత్తా, ఉడతా చేరాయి. పదిహేడోది మళ్లీ నాకు రాలేదు. ఒకసారి పిచ్చుకకి వచ్చింది. గబగబా వెళ్లి నా కుర్చీలో కాళ్లు ముడుచుకుని కూర్చుంది. కుర్చీ నిండలేదు.

ఏప్రిల్ 30, బుధవారం

రైలెక్కించాను. వాళ్లమ్మ వచ్చి తీసుకెళ్లింది. కొత్త ఈత క్లాసులు మే ఐదు నుంచి ఉన్నాయట, ఏమీ పోలేదులే అంది. మంచిదే అన్నాను. నిజంగానే అన్నాను.

కిటికీలోంచి పిచ్చుక చెయ్యి ఊపింది, తర్వాత పీత కాళ్లలా వేళ్లు ఆడించింది. రైలు కదిలాక నేనూ ఆడించాను. పక్కనున్న పోర్టరు నన్ను వింతగా చూశాడు.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. సోఫా దిండు మీద ఇంకా దాని కాలి ముద్రలున్నాయి. ఉతకను. ఈ వారం ఉతకను.

మే 2, శుక్రవారం

కార్డులు లెక్కపెట్టాను. కొత్తవాటితో కలిపి ఇరవై నాలుగుండాలి. ఇరవై మూడే ఉన్నాయి. పదిహేడోది లేదు.

సోఫా కింద వెతికాను. చీపురుకర్ర తేలేదు. మోకాళ్ల మీద వంగి, చెంప నేలకి ఆన్చి చూశాను. ఒక పాత సాక్సు తప్ప ఏమీ లేదు. లేచాక గానీ, ఏమీ పట్టుకోకుండా లేచానని తెలియలేదు.

మే 4, ఆదివారం

పదింటికి ఫోను. తిన్నావా అని అడగకుండానే చెప్పేశాను. "పిచ్చుకా, నాన్న కార్డు పోయింది."

"పోలేదు. నా దగ్గరుంది."

"నీకెందుకు? అక్కడ ఎవరితో ఆడతావు?"

"నేనే ఆడుకుంటాను. దాన్ని కుర్చీలో నిలబెట్టి ఆడతాను. ఇక్కడ నువ్వు లేవుగా."

కూర్చున్నవాణ్ని లేచి నిలబడ్డాను. రెండు నెలలుగా ఆ కుర్చీలోంచి లేవాలనే పోరాడాను. నా కూతురికి కుర్చీలోంచి చూసే నాన్న కూడా కావాలి. ఇన్నాళ్లూ నాకు తెలిసిందల్లా సగమే.

అలిగాననుకుంది కాబోలు. "నీకు కావాలంటే సెప్టెంబరు సెలవుల్లో తెచ్చిస్తాలే" అంది.

సెప్టెంబరులో వస్తుంది. అడగకుండానే చెప్పింది.

మే 5, సోమవారం

ఈత మొదటి రోజు. నీళ్లు తాగిందట, మళ్లీ వెళ్తుందట. వాళ్లమ్మ చెప్పింది.

సాయంత్రం షాపు నుంచి ఒక అట్టముక్క తెచ్చి ఖాళీ అయిన చోటుకి ఒక కార్డు వేశాను. పిచ్చుక. చూసినవాళ్లెవరూ పిచ్చుక అనరు, వడ్రంగి అయితే స్టూలంటాడు. పిచ్చుక నడవదు, రెండు కాళ్లూ కలిపి గెంతుతుంది. పాచిక వేశాను. ఆరు.

ఐదో గెంతుకి తూలి ముందుకి పడ్డాను. మోకాలు నేలకి తగిలింది. ఇంట్లో ఎవరూ లేరు, టీచరమ్మ నడకకి వెళ్లింది, కుర్చీ ఖాళీగా ఉంది. వంటగది గడప చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది.

లేచి తలుపు దగ్గరికి వెళ్లి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను.